జానెడు ఎడం

యేసుపాదం అన్నం ముందు కూర్చుంటే ఆ ఇంట్లో వేడి అన్నం తినే యోగం ఎవరికీ ఉండేది కాదు. కంచంలో అన్నం పొగలు కక్కుతుంటే ఆయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టేవాడు. అన్నానికి స్తోత్రం. సరే, అది అందరూ చెప్పేదే. ఆ తర్వాత ఉప్పుకు స్తోత్రం. పొయ్యిలో పుల్లలకు స్తోత్రం. ఆ పుల్లలు ఏరుకొచ్చిన పిల్లకు స్తోత్రం. బావిలో నీళ్ళకు, చేదకు, చేదకు తాడు పేనిచ్చిన ముసలి బుడేకు, ఇట్లా ఒక్కొక్కరినీ పేరుపెట్టి తలుచుకుంటూ పోయేవాడు. చివర్లో మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. "వండిపెట్టిన ఎలీసమ్మకు స్తోత్రం. ఆమెకు నేనేం చేసినా తక్కువే, ప్రభువా."

అప్పటికి పప్పు మీద తెట్టు కట్టేది.

"చాల్లే సంబడం," అనేది ఎలీసమ్మ. "ఎదురుగానే ఉన్నాగా, నాకు చెప్పాల్సింది ఆయనకు చెప్తావేంది? కూర చల్లారిపోతంది, తిను."

"చల్లారనీవే. ఇంకా అయిపోలా," అనేవాడు యేసుపాదం ఒక కన్ను తెరిచి. పన్నెండేళ్ళ కూతురు రెబ్కా అరచేత్తో మూతి దాచుకుని కిసుక్కున నవ్వేది.

వాళ్ళుండే పల్లె అద్దంకికి నాలుగు మైళ్ళు. రైతులుండే చోటు ఊరు, కూలికి పోయేవాళ్ళుండే చోటు పల్లె. రెంటికీ మధ్యన ఒక డొంక, ఒక కాలవ. పల్లెలో అరవై ఇళ్ళు, ఒక పెంకుల చర్చి. ఆ పల్లెకొక సంగతి ఉంది. ఎవరికైనా చెప్పాల్సిన స్తోత్రం చెప్పకుండా చచ్చిపోయినవాళ్ళు అంత తేలిగ్గా వెళ్ళిపోరు. మూడు నాలుగు రోజులాగి, మధ్యాహ్నం అన్నాల వేళకు, ఎవరికి చెప్పాలో వాళ్ళ ఎదుటికొచ్చి నిలబడతారు. మాట్లాడరు. దేన్నీ ముట్టుకోరు. అంత ఎండలోనూ నీడ పడదు. అప్పుడు ఆ ఇంటి మనిషి ఎవరో ఒకరు వచ్చి, "ఫలానా మేలు చేశావు, మావాళ్ళ తరఫున నీకు స్తోత్రం," అని నోరారా చెప్పాలి. చెబితే వెళ్ళిపోతారు. మేలేమిటో చెప్పకుండా ఊరికే స్తోత్రమంటే మాత్రం అంగుళం కదలరు. దేవకుమారి అత్తగారు పొరుగింటి ముందు ఆరు రోజులు నిలబడింది. ఎప్పుడో తోడు పెట్టుకోడానికి ఆ ఇంటివాళ్ళు ఇచ్చిన గరిటెడు మజ్జిగ సంగతి దేవకుమారికి గుర్తొచ్చేసరికి అన్నాళ్ళు పట్టింది మరి. ఆ ఆరు రోజులూ పొరుగింటివాళ్ళు ఆమెను చుట్టి నడిచి నీళ్ళు తెచ్చుకున్నారు, అంతే.

అందుకే ఆ పల్లెలో మనిషి పోయాక పెట్టుకునే ఆదరణ కూడికలో పాటలయ్యాక పాస్టరు జయరావుగారు ఇంటివాళ్ళను ఒక మాట అడుగుతారు. "ఎవరెవరికి మిగిలింది?" అని. వాళ్ళు గుర్తున్నంతవరకు చెప్పుకుంటారు.

ఎనభై ఏడు నవంబరులో ఊళ్ళో రైతు చెంచురామయ్య పత్తిచేలో పురుగుమందు కొడుతూ యేసుపాదం పడిపోయాడు. చెంచురామయ్యే బండిలో వేసుకుని అద్దంకి తీసుకెళ్తుంటే సగం దారిలోనే ప్రాణం పోయింది. వీపున కట్టుకునే మందు పంపు కారుతోందని ఆ పొద్దున్నే ఆయన రైతుతో చెప్పాడు. "ఈ పూటకు లాగించరా, రేపు బాగుచేయిద్దాం," అన్నాడు చెంచురామయ్య. పక్క చేలో కలుపు తీసేవాళ్ళు ఆ మాట విన్నారు. శవానికి స్నానం చేయించేటప్పుడు ఎలీసమ్మ ఆ వీపు చూసింది. నడుము దాకా తోలు ఊడి ఎర్రగా ఉంది. చూసి, ఆ నీళ్ళచెంబు అక్కడే పెట్టేసి గోడవైపు తిరిగి కూర్చుంది.

ఆదరణ కూడికలో పాస్టరుగారు అడిగితే పదిమంది పేర్లు చెప్పింది. బండి తోలిన పాలేరు పేరు కూడా చెప్పింది.

"ఇంకెవరన్నా ఉన్నారామ్మా?"

"ఎవరూ లేరు," అంది ఎలీసమ్మ.

నాలుగో రోజు మధ్యాహ్నం గడపలో కంచం పెట్టుకుని కూర్చుంది. ఆయనకేమన్నా మిగిలుంటే తనకే మిగిలుంటుందని ఆమె నమ్మకం. పదిహేనేళ్ళు వండిపెట్టిందాయె. వస్తే ఒక్కసారి కళ్ళారా చూసుకోవచ్చు. చెప్పకుండా రెండు రోజులు అట్టాగే ఉంచుకోవచ్చు కూడా, ఎవరు కాదంటారు! అన్నం కలుపుతూ డొంకవైపు చూస్తోంది. ఇంతలో రెబ్కా రొప్పుకుంటూ వచ్చింది.

"అమ్మా, నాన్నొచ్చాడు."

"ఏడే?"

"ఊళ్ళో. చెంచురామయ్యగారి కల్లంలో."

ఎలీసమ్మ చేతి ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి లేచి, కాలవ దాటి వెళ్ళి, దూరంగా నిలబడి చూసింది. గడ్డివాము పక్కన నులకమంచం మీద చెంచురామయ్య అన్నం తింటున్నాడు. తినడం లేదు, చెయ్యి కంచంలో పెట్టుకుని కొయ్యబారి ఉన్నాడు. ఎదురుగా యేసుపాదం. అదే లుంగీ, తలకు అదే తువ్వాలు. రెండు చేతులూ గుండెల దాకా లేచి ఉన్నాయి, అరచేతులు ఎదురూబొదురుగా, మధ్యన జానెడు ఎడం. ఎలీసమ్మ వైపు తల తిప్పి చూడనన్నా చూడలేదు.

ఇక అప్పటినుంచీ రోజూ అంతే. చెంచురామయ్య ఎక్కడ అన్నానికి కూర్చుంటే అక్కడికి వచ్చేవాడు. నాలుగు రోజులు తప్పించుకుందామని వేటపాలెంలో చుట్టాలింటికి పోతే అక్కడి పెరట్లోకీ వచ్చాడు.

ఊరికి తెలిసిన సంగతులన్నీ పల్లెకు తెలుస్తాయి గానీ, పల్లె సంగతులు ఊరికి తెలియవు. ఊరంతా ఒకటే మాట అనుకుంది. "గొంతు పిసకడానికొచ్చాడు. ఆ చేతులు చూడు, ఎట్టా పట్టాడో!" అంత్రాలు కట్టించారు, నిమ్మకాయలు కోశారు, చీరాల నుంచి ఎవరినో పిలిపించి ఇల్లంతా పొగ వేయించారు. పొగకు పిల్లలు దగ్గారు తప్ప యేసుపాదం కదల్లేదు. మనిషి నిబ్బరమైనవాడే చెంచురామయ్య, నెలన్నరలో చొక్కా వదులైపోయింది. మధ్యాహ్నం తినడం మానేశాడు. మానేసినా, అన్నాల వేళకు ఆ చేతులు ఎదురుగా లేచేవి.

పాస్టరు జయరావుగారు రెండుసార్లు ఎలీసమ్మ ఇంటికొచ్చారు.

"ఆయన దేనికొచ్చాడో నీకు తెలుసు, నాకు తెలుసు, పల్లె మొత్తానికి తెలుసు," అన్నారు రెండోసారి. "చెంచురామయ్యకు మాత్రం తెలియదు. చంపడానికొచ్చాడనుకుంటున్నాడు. వెళ్ళి చెప్పరాదా అమ్మా?"

"దేనికని చెప్పమంటారు పాస్టరుగారూ? కారే పంపు ఇచ్చినందుకా?"

"దేనికో చెంచురామయ్యనే అడుగు."

"ఆ గడప నేను తొక్కను. భయపడనీండి. నా మొగుడి వీపు మీరు చూడలా."

"యేసుపాదం సంగతన్నా చూడు. వాడట్టా ఎన్నాళ్ళు నిలబడాల?"

"నిలబడనీండి. ఆయన కాళ్ళు, ఆయనిష్టం."

పాస్టరుగారు లేచారు. వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర ఆగి, "వేరేవాళ్ళు చెప్తే చెల్లదు కాబట్టి గానీ, ఈపాటికి నేనే చెప్పేవాణ్ణి," అన్నారు.

ఎలీసమ్మ బయటికి చెప్పని ముల్లు ఇంకొకటి ఉంది. ఆ రైతు ముందు నిలబడినవాడు తన ముందు ఒక్క పూట నిలబడలేదు. ఒక్క పూట! అడ్డాల్లో బిడ్డతో మూడు మైళ్ళు నడిచి చేనికి అన్నం మోసింది, జ్వరమొస్తే రాత్రులు కాళ్ళు పిసికింది, అదంతా ఏమైనట్టు? కసితీరా తిట్టుకునేది, తిట్టుకుని ఏడ్చేది. అన్నం ముందు స్తోత్రం మానేసింది. రెబ్కా ఒక్కతే చిన్నగా చెప్పుకుని తినేది, తల్లి వినకుండా.

ఆ ఏడు పత్తికి తెల్లదోమ తగిలింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. ఆకులు మసి పూసినట్టు నల్లబడి, పూత పిందె అన్నీ రాలిపోయాయి. ఫిబ్రవరి వచ్చేసరికి చెంచురామయ్య చేలో కట్టె తప్ప కాయ లేదు.

ఆ రోజు ఎలీసమ్మ వేరే రైతు చేలో మిరపకాయలు కోస్తోంది. పొద్దు నడినెత్తికి రావడానికి ఇంకా కొంచెం ఉంది. గట్టు మీద ఎవరో పడుతూ లేస్తూ వస్తున్నారు. చూస్తే చెంచురామయ్య భార్య సుబ్బరావమ్మ. కాళ్ళకు చెప్పుల్లేవు, ముడి ఊడిపోయి ఉంది. కోతకొచ్చిన ఆడవాళ్ళందరూ నడుములెత్తి చూశారు.

"ఎలీసమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా, నీ మొగుణ్ణి తీసకపోవే!" అంది సుబ్బరావమ్మ వస్తూనే.

"ఏమైందమ్మగారూ?"

"ఇన్నాళ్ళకు ఇయ్యాల నవ్వాడే ఆయన. పొద్దున్నే ఎద్దుల్ని తనే కడిగి మేతేశాడు. మనవణ్ణి ఎత్తుకున్నాడు. పిలవంగా పిలవంగా పలక్కుండా చేలోకి పోయాడు. అటక మీద మందు డబ్బా లేదే తల్లీ! నేను చేలోకి పోయి మొత్తుకుంటే వినేట్టు లేడు. 'వాడొస్తాడుగా మధ్యాహ్నానికి, ఇద్దరం కలిసే పోతాం,' అంటన్నాడు."

ఎలీసమ్మ పొద్దు వంక చూసింది. తన నోట్లో మాట తను దాచుకుంది, అంతే కదా చేసింది. అది ఇంత దూరం వస్తుందని అనుకోలేదు. పైటలో కాయలు అక్కడే కుమ్మరించి, గట్టు మీది అన్నం గిన్నె, నీళ్ళ చెంబు చేతికి తీసుకుని పరుగెత్తింది. ఆ గిన్నె ఎందుకు తీసుకుందో ఆమెకే తెలియదు, అలవాటు. వెనకాల సుబ్బరావమ్మ రొప్పుకుంటూ వస్తోంది.

చెంచురామయ్య తుమ్మచెట్టు కింద గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే డబ్బా. మూత ఇంకా తియ్యలేదు, చెయ్యి మాత్రం దాని మీదే ఉంది. ఎదురుగా నల్లబడ్డ పత్తికట్టెల మధ్య యేసుపాదం అప్పుడే వచ్చి నిలబడ్డాడు. చేతులు లేచి ఉన్నాయి, జానెడు ఎడంతో.

"వచ్చావా ఎలీసమ్మా," అన్నాడు చెంచురామయ్య. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "చూడు. మూడు నెలల్నుంచీ వాణ్ణి ఎదురుచూపిస్తన్నా. నేనే పోతాలే, ఇంక వాడికెందుకు శ్రమ."

"అయ్యా, ఆ డబ్బా మీద చెయ్యి తియ్యండి. ఆయన మిమ్మల్ని చంపడానికి రాలా."

"మరి?"

"స్తోత్రం చెప్పడానికొచ్చాడు."

చెంచురామయ్య వెర్రివాడిలా చూశాడు. "నేను వాణ్ణి చంపానే! కారతందని చెప్తే విన్నానా? పగబట్టి రాక..."

"పగకు రారయ్యా మా పల్లెవాళ్ళు. పగకు వచ్చేటట్టయితే మీ ఊరి బజార్లలో మీరు నడవడానికి చోటు చాలేది కాదు." ఎలీసమ్మ గిన్నె, చెంబు గట్టు మీద పెట్టింది. "ఇది మాకు తెలుసు. నాకు మొదటిరోజే తెలుసు. తెలిసి చెప్పలా, మిమ్మల్ని ఏడిపిద్దామని. సరే, అది నా తప్పు. ఇప్పుడు చెప్పండి, ఆ రోజు ఆయనకు మీరేం చేశారు?"

"చంపాను."

"అది కాదు. ఇంకోటేదో చేశారు. బాగా గుర్తుతెచ్చుకోండి. అదేందో తెలియకుండా నేను చెప్పినా ఆయన కదలడు."

చెంచురామయ్య తల పట్టుకున్నాడు. గుర్తుకేమీ రావడం లేదని తల అడ్డంగా ఊపాడు. ఎలీసమ్మ గట్టు మీద కూలబడింది. అంతలోకి సుబ్బరావమ్మ వచ్చి వెనకగా నిలబడింది, నోట్లో కొంగు కుక్కుకుని.

"దారిలో," అన్నాడు చెంచురామయ్య తలెత్తి. "బండిలో వాడి తల నా ఒళ్ళో ఉంది. నీళ్ళడిగాడు. బండిలో నా చెంబు ఒకటే ఉంది. దోసిలి పట్టమన్నా. ఎప్పుడూ పైనుంచి పోసేదే కదా మీకు. వాడికి దోసిలి పట్టడానికి చేతులు లేవలా. ఇంక... ఇంక చెంబే వాడి నోటికి పెట్టా. రెండు గుక్కలు తాగాడు."

చెంచురామయ్య తన రెండు చేతులూ గుండెల దాకా లేపి చూపించాడు.

"అప్పుడు చేతులు లేపాడు. ఇదుగో, ఇంతవరకు లేచినయి. నా గొంతు పట్టుకోబోయాడనుకున్నా ఎలీసమ్మా. వెనక్కి జరిగా. అట్టాగే పోయాడు." చెంచురామయ్య మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. "ఆ చెంబు ఇంటికి తీసకపోలా. కాలవలో పారేశా."

ఎలీసమ్మ మొగుడి చేతుల వంక చూసింది. దణ్ణం పెట్టబోయి అందక ఆగిపోయిన చేతులు. మూడు నెలలుగా ఎండలో, అందరూ పిసకడానికొచ్చాయనుకునే చేతులు. రెండు గుక్కల నీళ్ళకు! అదీ తర్వాత పారేసిన చెంబులో నీళ్ళకు! కోపమొచ్చింది, నవ్వొచ్చింది, ఆ రెంటినీ తోసుకుని ఏడుపొచ్చింది. ఆ మనిషంతే. తాడు పేనిచ్చినవాణ్ణి కూడా మరిచిపోని మనిషి.

లేచి చెంచురామయ్య ఎదుట, యేసుపాదం పక్కన నిలబడింది.

"అయ్యా, మా ఆయన చచ్చిపోయేటప్పుడు మీ చెంబు ఆయన నోటికి పెట్టి నీళ్ళు తాగించారు. ఆయన తరఫున మీకు స్తోత్రం," అంది, పొలమంతా వినపడేట్టు. వెంటనే, "అది ఆయన మాట. పంపు సంగతి వేరే. దానికి నేను చచ్చేదాకా మిమ్మల్ని తిట్టుకుంటానే ఉంటా. అది నాది," అంది.

యేసుపాదం చేతులు దగ్గరికొచ్చాయి. అరచేతికి అరచెయ్యి తగిలింది. తల కొంచెం వంచాడు. ఆ తర్వాత అక్కడ పత్తికట్టెలు, వాటి మధ్య ఎండ, అంతే.

చెంచురామయ్య చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఎలీసమ్మ డబ్బా తీసి సుబ్బరావమ్మ చేతికిచ్చింది. "ఇది మళ్ళీ అటకెక్కించొద్దమ్మగారూ. ఆ పంపు కూడా ఇంకెవరి వీపుకూ ఎక్కించొద్దు," అంది. సుబ్బరావమ్మ గబగబా తలూపింది.

"కాసిని నీళ్ళుంటే పొయ్యి తల్లీ," అన్నాడు చెంచురామయ్య.

ఎలీసమ్మ చెంబు చేతికే ఇచ్చింది. ఆయన దాని వంక ఒక్క క్షణం చూసి, నోటికి కరిచిపెట్టుకుని గటగటా తాగాడు.

"పారెయ్యనులెండి," అంది ఎలీసమ్మ. "నాకున్నది ఒకటే చెంబు."

తాగాక ఆయన రెండు చేతులూ జోడించాడు. కాదనలేదు ఎలీసమ్మ. "ఇప్పుడే కానియ్యండి, అదే మంచిది. రేపు మీరొచ్చి నా గడప ముందు నిలబడితే, మీ పిల్లలు కాలవ దాటి పల్లెలోకి రావాలి చెప్పడానికి," అంది. సుబ్బరావమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఎలీసమ్మ గిన్నె తీసుకుని వెళ్ళబోతుంటే చెంచురామయ్య అన్నాడు. "వాడిక్కడే కూర్చునేవాడు మధ్యాహ్నం. ఈ తుమ్మచెట్టు కిందే. గిన్నె మూత తీసి గంట ప్రార్థన. పని చెడుతుందిరా అని కసిరేవాణ్ణి. వింటేగా! ప్రతిరోజూ చివర్లో నీ పేరే. 'వండిపంపిన ఎలీసమ్మకు,' అనేవాడు. నీ పేరెత్తకుండా ఏనాడూ ముద్ద ముట్టలా."

ఎలీసమ్మ అక్కడే ఆగిపోయింది. ఇంట్లో అయితే తను వింటోంది కాబట్టి అంటున్నాడనుకునేది. ముఖస్తుతి అని ఎగతాళి చేసేది కూడా. తను లేనిచోట, మూడు మైళ్ళ అవతల, కసురుకునే రైతు ముందు కూర్చుని, రోజూ. పదిహేనేళ్ళు, పూటపూటకూ.

ఆమె ముందు నిలబడటానికి ఆయనకేం మిగిలింది గనక?

ఆ ఎండలో గిన్నె గుండెలకు హత్తుకుని గట్టు మీదే కూర్చుని ఏడ్చింది ఎలీసమ్మ. మొగుడు పోయినరోజు కూడా అట్లా ఏడవలేదు.

ఆ సాయంత్రం పొద్దుండగానే పొయ్యి వెలిగించింది. వంకాయ కూర చేసి, రెబ్కా కంచంలో వడ్డించి, తనూ పెట్టుకుని కళ్ళు మూసుకుంది. రెబ్కా అన్నంలో పెట్టబోయిన చెయ్యి ఆపేసింది.

అన్నానికి స్తోత్రం అంది ఎలీసమ్మ. ఉప్పుకు స్తోత్రం అంది. నోరు అలవాటు తప్పి తడబడింది. పుల్లలకు, పుల్లలేరిన రెబ్కాకు. తనింటికి రెండుసార్లు వచ్చి విసుక్కోకుండా వెళ్ళిన పాస్టరుగారికి. చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చిన సుబ్బరావమ్మకు. ఇంకొక పేరు దగ్గర చాలాసేపు ఆగింది, పళ్ళు బిగబట్టింది, రెండు గుక్కల నీళ్ళకని మాత్రం చెప్పి దాటిపోయింది. ఆ తర్వాత యేసుపాదం పేరు. ఆ పేరు దగ్గరికొచ్చాక ఒకటొకటే గుర్తొస్తున్నాయి. పెళ్ళయిన కొత్తల్లో అద్దంకి సంతలో కొనిచ్చిన గాజులు, కానుపప్పుడు వాకిట్లో రాత్రంతా నిలబడటం, కూర మాడినరోజు కూడా తక్కువ చెయ్యని ఆ స్తోత్రం. పదిహేనేళ్ళలో తను ఒక్కసారీ తిరిగి చెప్పనివన్నీ.

"అమ్మా," అంది రెబ్కా మెల్లిగా. "కూర చల్లారిపోతందే."

ఎలీసమ్మ ఒక కన్ను తెరిచింది.

"చల్లారనీవే," అంది. "ఇంకా అయిపోలా."